పద్ధతైన మెట్లు

అత్తయ్యకు,

నేను క్షేమం, నిన్న పెట్టించుకున్న రెండు కొత్త పళ్ళూ క్షేమం.

పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఇవి ఊడిపోయినవి కావు, పుట్టుకతోనే లేవు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అని అడిగింది. మా మేనత్తకూ సరిగ్గా ఈ రెండే లేవు గానీ, చిన్నప్పుడు మెట్ల మీంచి పడి విరగ్గొట్టుకుందని చెప్పాను.

"ముందు మధ్యలో ఉన్న రెండు పళ్ళనీ ముట్టుకోకుండా అటొకటి, ఇటొకటి విరగ్గొట్టాయా? పద్ధతైన మెట్లే" అంది.

నాన్నకు ఇంకా చెప్పలేదు. ఆ రోజు మెట్ల మీద నీ చెయ్యి వదిలేశానని ఆయన ఇప్పటికీ కుమిలిపోతూనే ఉన్నాడు. నువ్వేమో ఆ మెట్ల పేరు చెప్పి ఆయన చేత నీ బట్టలు కూడా ఇస్త్రీ చేయించుకుంటున్నావు.

సోమవారం నీకూ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నాన్నే తీసుకొస్తాడు. ఆసుపత్రి రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్లు కనబడగానే ఆయన నీ చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు. పైకి చేరేలోపు నిజం చెప్పేయ్. లేదంటే డాక్టరమ్మ చెబుతుంది.

లేని పళ్ళతో సహా అంతా నీ పోలికే వచ్చిన
నీ మేనకోడలు