కడప ఓటమికి సంజాయిషీ

కర్నూలు, ఫిబ్రవరి 1946

క్లబ్బు సెక్రటరీగారికి,

కడపలో మన బాస్కెట్‌బాల్ జట్టు ఎందుకు ఓడిందో మేనేజరుగా నన్ను సంజాయిషీ అడిగారు. చెబుతున్నాను.

మ్యాచికి ముందు ప్లీడరుగారింట్లో భోజనం. మన జట్టులో గురి తప్పని దేవదానాన్ని ఆయన గుమ్మంలోనే ఆపారు. "ఆ మాలపిల్లోన్ని కొట్టం కాడ కూచోబెట్టప్పా. నువ్వు లోపలికి రా, మేనేజరువు గదా" అన్నారు. నేను ఆడే రోజుల్లో, సాలెవాణ్ణని ఆ ఇంట్లోనే నాకు అరుగు మీద విస్తరి వేశారు. మేనేజరైతే కులం కూడా మారుతుందని నాకప్పుడే తెలిసింది.

నేను లోపలికి పోలేదు. కొట్టం దగ్గర దేవదానం పక్కన కూర్చుని తిన్నాను. మనవాళ్లు కిటికీలోంచి చూశారు.

సాయంత్రం ఆటలో ఒక్కరూ వాడికి బంతి ఇవ్వలేదు. అంతకుముందు రోజు వరకూ వాడి చేతి బంతి అందుకున్నవాళ్లే. వాడు బుట్ట కింద చేతులు చాచి "ఈడుండా, ఈడుండా" అని గొంతు పోయేదాకా అరిచాడు.

నన్ను తీసేస్తామని రాశారు. తీసేయండి. ఈ ఆటకు ఐదుగురు కావాలి. మన జట్టులో ఆడేది నలుగురేనని కొత్త మేనేజరుకు ముందే చెప్పండి.

ఇట్లు,
ఇంతవరకు మీ మేనేజరు