రాయకుండా వదిలిన కొలత

మామయ్యకి నమస్కారాలు,

ఫోన్ చేస్తే మీ షాపులో నలభై గడియారాలు ఒకేసారి జవాబు చెబుతాయి, మీరు తప్ప. అందుకే ఉత్తరం.

మా లైబ్రరీ వెనక గదిలో ఒక క్లాసు మొదలుపెట్టాను. ఒక నర్సు, ఒక వెల్డరు, ఒక రిటైరైన బస్సు కండక్టరు, ఇంకా ఎనిమిది మంది వస్తున్నారు. పనికొచ్చే వస్తువు ఏదైనా తయారుచేసి, దాని డ్రాయింగు, కొలతలు, సామాన్ల జాబితా, చేసిన పొరపాట్లతో సహా ఇంటర్నెట్‌లో పెట్టాలి. ఎవరైనా చూసి చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చింది మళ్ళీ అందరికీ చూపించాలి. అదే నేను నేర్పేది. మాట్లాడేది తక్కువ, బోర్డు మీద రాసేది ఎక్కువ.

కమిటీ ప్రెసిడెంటు గారికి ఇది నచ్చలేదు. ఇదివరకు ఆ గదిలో విరిగిన కుర్చీలుండేవి. మూడు నెలల్లో బయటివాళ్ళెవరైనా మా డ్రాయింగు చూసి, గీసినవాళ్ళని ఒక్క మాట కూడా అడక్కుండా, ఆ వస్తువు చేసి చూపించాలట. లేకపోతే కుర్చీలు తిరిగి వస్తాయి, మేం బయటికి పోతాం.

అత్తయ్య కోసం మీరు చేసిన పేజీలు తిప్పే యంత్రం ఉంది కదా. వేళ్ళు వంగని అత్తయ్య కాలితో మీట నొక్కగానే పేజీ తిరగడం చూసిన రోజంతా నాకు మరో ధ్యాస లేదు. దాని డ్రాయింగు ఇస్తారా?

మీ మేనకోడలు

తా.క. ప్రెసిడెంటు గారు క్లాసు చూడటానికొచ్చి కూర్చోవడానికి కుర్చీ అడిగారు. ఎక్కడున్నాయో మీకే తెలియాలి అని నేను అనలేదు. అనుకున్నాను.

•

పుస్తకాల పురుగుకి మామయ్య దీవెనలు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఏదైనా తప్పు రాశావేమోనని. కష్టపడి చేసినదాని గుట్టు ఊరందరికీ పంచిపెట్టడమా? మా ఎదురుషాపు భూతద్దం సంగతి నీకు తెలియదు. ఆ పేరు నేను పెట్టిందే. రోజంతా కంటికి అద్దం బిగించుకుని నా వైపే తిరిగి గడియారాలు బాగుచేస్తుంటాడు. పన్నెండేళ్ళ క్రితం, కస్టమరు ముందు, నా గోడ గడియారం ఐదు నిమిషాలు వెనకుందన్నాడు. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. నువ్వు ఇంటర్నెట్‌లో పెడితే ముందు చూసేది వాడే.

ఇదంతా మీ అత్తయ్యకి చదివి వినిపించాను. "ఒక్కగానొక్క మేనకోడలు. నోరు తెరిచి ఏనాడూ ఏదీ అడగని పిల్ల. ఇచ్చెయ్యండి" అంది.

సరే, పంపుతున్నాను. కడ్డీ చివరి రబ్బరు మొన పేజీని పట్టి లాగుతుంది. అది ఎంత గట్టిగా నొక్కాలన్నది కడ్డీకి వేలాడే సీసం బిళ్ళ చూసుకుంటుంది. ఆ బిళ్ళ బరువు మాత్రం రాయలేదు. మరచిపోయి కాదు. మా గురువుగారు కూడా ఆఖరి కొలత ఎవరికీ చెప్పేవారు కాదు.

మీ మామయ్య

తా.క. నాకూ చెప్పలేదు.

•

మామయ్యకి నమస్కారాలు,

బిళ్ళ బరువు మేమే ఊహించి పెట్టాం. మొదటిసారి రబ్బరు మొన కాగితాన్ని పలకరించి వెళ్ళిపోయింది. బరువు పెంచాం. ఈసారి ముప్ఫై పేజీలు ఒకేసారి తిరిగాయి. "ఆపండి, ఆపండి, నాలుగు స్టాపులు దాటేశాం!" అని కండక్టరు గారు అరిచారు. నవల్లో అప్పుడే పరిచయమైన ఇద్దరికి మనవలు పుట్టేశారు. ప్రెసిడెంటు గారు వంగి చూస్తుంటే కడ్డీ ఆయన కళ్ళజోడు కూడా తిప్పింది.

మా క్లాసులో మొదటి నియమం: తెలియనిది తెలియదని రాయాలి. అందుకని బిళ్ళ దగ్గర "బరువు తెలియదు, గీసినవారు చెప్పలేదు" అని రాసి డ్రాయింగు ఇంటర్నెట్‌లో పెట్టాను.

దయచేసి చెప్పండి మామయ్యా. నెలా పది రోజులే ఉంది.

మీ మేనకోడలు

తా.క. గీసినవారి పేరు, చిరునామా వేయడం మర్యాద. వేశాను.

•

పుస్తకాల పురుగుకి,

మంచి మర్యాదే చేశావు. మూడు వారాల్లో పందొమ్మిది ఉత్తరాలు! ఒకరు బడి పంతులమ్మ, ఒకరు వలలు అల్లే ఆయన, ఒకరు ఎక్కడో ఆసుపత్రిలో నర్సు. అందరిదీ ఒకటే ప్రశ్న, బిళ్ళ బరువెంత అని. దొంగలు ఇంత చక్కని దస్తూరీతో రాస్తారని నాకు తెలియదు.

అందరికీ జవాబిచ్చాను. ఒకరికి ఐదు గ్రాములన్నాను, ఒకరికి యాభై, ఒకరికి వంద. వీళ్ళంతా భూతద్దం పురమాయించిన మనుషులే అయినా ఆశ్చర్యం లేదు. వాడు ఈ మధ్య తల ఎత్తడం లేదు, ఏదో పనిలో మునిగి ఉన్నాడు. అదే రుజువు.

మీ మామయ్య

తా.క. పోస్ట్‌మాన్ నిన్నటి నుంచి నన్ను "సార్" అంటున్నాడు. ఉత్తరాలు మాత్రం ఆపించకు.

•

మామయ్యకి,

మీరు వంద గ్రాములని రాసింది ఆ ఆసుపత్రి నర్సుకే. ఆమె వార్డులో రెండు చేతులకూ కట్లున్న లారీ డ్రైవరు ఒకాయన రెండు నెలలుగా పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. యంత్రం మొదటి పేజీనే చింపేసింది. "పర్లేదమ్మా, ఇంకోసారి చూద్దాం" అన్నాడట. ఆమె ఇదంతా నాకు కోపం లేకుండా రాసింది. కోపంగా రాసి ఉంటే బాగుండేది.

పైగా ఆ పందొమ్మిది మందీ మిమ్మల్ని అడిగారు కాబట్టి ఇక కమిటీ లెక్కలోకి రారు. ఇంక పద్దెనిమిది రోజులుంది. మీకు ఇష్టం లేకపోతే డ్రాయింగు తీసేస్తాను, గది ఖాళీ చేస్తాను. ఒక్కటి చెప్పండి. ఆ బరువు ఎంత?

మీ మేనకోడలు

తా.క. ఏమీ లేదు.

•

పుస్తకాల పురుగుకి,

నాకు తెలియదు.

ఈ రెండు మాటలు రాయడానికి రెండు రోజులు పట్టింది. నీ ఉత్తరం మీ అత్తయ్య చదివి, నాతో మాట్లాడటం మానేసింది. భూతద్దం మాట్లాడకపోవడం వేరు, ఆమె మాట్లాడకపోవడం వేరు.

బిళ్ళ విప్పి కంసాలి దగ్గర తూయించాను. పదకొండున్నర గ్రాములు. హమ్మయ్య అనుకుని తెచ్చి ఇంకో పుస్తకం మీద చూశాను. పేజీ కదల్లేదు. నిజం చెప్పాలంటే, ఆమె పుస్తకం మార్చినప్పుడల్లా నేను షాపు మూసి ఇంటికొచ్చి, సీసం కాస్త గీకుతాను, లేదా కాస్త అంటిస్తాను. అది నా వేళ్ళకి తెలుసు, నాకు తెలియదు. తెలియదని చెప్పడం నామోషీ అనిపించి, దాచుకున్నానని చెప్పాను. తాళం వేసి కాపలా కాసిన పెట్టెలో ఏమీ లేదమ్మా.

పందొమ్మిది మందికీ క్షమించమని రాశాను. నర్సుకి రెండుసార్లు.

మీ మామయ్య

తా.క. మా గురువుగారికి కూడా తెలియదేమో.

•

మామయ్యకి వెయ్యి నమస్కారాలు,

మీరు రాసిన రెండు మాటలూ బోర్డు మీద రాశాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. డ్రాయింగులో కూడా మార్చాను: "బరువు గీసినవారికీ తెలియదు. పుస్తకాన్ని బట్టి మారుతుంది."

నాలుగో రోజున ఎవరో తాము చేసిన యంత్రం ఫోటో పెట్టారు! అందులో బిళ్ళ వేలాడటం లేదు. కడ్డీ మీద అటూ ఇటూ జరుగుతోంది. పల్చని కాగితమైతే లోపలికి, మందమైతే బయటికి జరపాలి. కింద ఇంతే రాశారు: "మారుతుందని నిజం చెప్పారు కాబట్టి జరిగేలా పెట్టాను." పేరు లేదు. మేం అలాగే చేసి చూశాం. ఒక్కో పేజీ, ఒక్కో పేజీ, మామయ్యా! నర్సు కూడా చేసింది. డ్రైవరు రెండో పుస్తకంలో ఉన్నాడు.

ప్రెసిడెంటు గారు మాత్రం, "చేసినాయన గీసినాయన్ని ఒక్క మాట కూడా అడగలేదని రుజువేది?" అంటున్నారు. పదో తారీకున మీటింగు.

మీ మేనకోడలు

తా.క. ఫోటోలో యంత్రం వెనక కిటికీ ఉంది. కిటికీలోంచి వీధికి అవతల గడియారాల షాపు కనిపిస్తోంది. అందులో ఒకాయన తల వంచుకుని గడియారం బాగుచేస్తున్నారు. అది మీరే.

•

పుస్తకాల పురుగుకి దీవెనలు,

రుజువు దీంతో జతచేశాను. టైలరు, మందుల షాపాయన, పోస్ట్‌మాన్ సంతకాలు చేశారు: "ఈ ఇద్దరూ పన్నెండేళ్ళుగా ఒక్క మాట మాట్లాడుకోలేదనీ, మాట్లాడించబోయి మేం ముగ్గురం విడివిడిగా తిట్లు తిన్నామనీ ధ్రువీకరిస్తున్నాం."

నీ ఉత్తరం చదవగానే వీధి దాటబోయాను. సగం దారిలో గుర్తొచ్చింది, మాట్లాడితే రుజువు పోతుంది. ఆగిపోయాను. భూతద్దం కూడా తన గుమ్మం దాకా వచ్చి ఆగాడు. నువ్వు ఈ మధ్య ఇంటర్నెట్‌లో పెట్టిన కమిటీ షరతు ఆయనా చదివాడు కదా. ఇద్దరం వెనక్కి తిరిగి ఎవరి స్టూలు మీద వాళ్ళం కూర్చున్నాం. పన్నెండేళ్ళు ఇట్టే గడిచిపోయాయి. ఈ ఆరు రోజులే గడవడం లేదు.

మీ మామయ్య

తా.క. నిన్న గట్టిగా తుమ్మాను. ఆయన ఏదో అనబోయి చేత్తో నోరు మూసుకున్నాడు.

•

మామయ్యకి నమస్కారాలు,

గెలిచాం! ప్రెసిడెంటు గారు సంతకాల కాగితం రెండుసార్లు చదివి, "ఇంత గట్టి రుజువు నేనెక్కడా చూడలేదు" అని నవ్వారు. గది మాదే. నన్ను మాట్లాడమన్నారు. బోర్డు లేదు. అయినా నాలుగు నిమిషాలు మాట్లాడాను. వచ్చే క్లాసుకి నలభై ఆరు పేర్లు వచ్చాయి.

ఇక మీరిద్దరూ మాట్లాడుకోవచ్చు.

మీ మేనకోడలు

తా.క. నలభై ఏడో పేరు ప్రెసిడెంటు గారిది. వెనక బెంచీలో కూర్చుంటారట.

•

పుస్తకాల పురుగుకి మామయ్య, ఎదురుషాపు మామయ్య దీవెనలు,

ఉత్తరం చేత్తో పట్టుకునే వీధి దాటాను. స్కూటరాయన ఎవరో తిట్టాడు, వినిపించుకోలేదు. భూతద్దం కంటి మీది అద్దం తీసి నన్ను చూశాడు. పన్నెండేళ్ళ తర్వాత ఆయన అన్న మొదటి మాట ఇది:

"మీ డ్రాయింగులో చిన్న చక్రానికి పద్దెనిమిది పళ్ళు వేశారు. పదిహేడే ఉండాలి."

"మీకెలా తెలుసు?"

"పద్దెనిమిదితో కూడా తిరుగుతుంది, కానీ వారానికే పళ్ళు అరిగిపోతున్నాయి. మూడు చక్రాలు పాడుచేశాను."

"మూడా! నన్నొక మాట అడక్కపోయారా?"

"అడిగితే చెప్పేవారా?"

షాపుకి వచ్చి నా దగ్గరున్న చక్రం పళ్ళు లెక్కపెట్టాను. పదిహేడే. అది వీధి ఇవతలి నుంచే ఆయనకి అరిచి చెప్పాను. టైలరు మిషను ఆపి బయటికొచ్చాడు, మళ్ళీ గొడవేమోనని.

సవరించిన డ్రాయింగు పంపుతున్నాం. కింద రెండు పేర్లున్నాయి. ఎవరి పేరు ముందుండాలని గంటసేపు వాదించుకున్నాం. "మీదే ముందు", "కాదు, మీదే" అని.

మీ మామయ్య

తా.క. జరిగే బిళ్ళ మీ అత్తయ్య యంత్రానికి కూడా బిగించాం. ఇదివరకు కొత్త పుస్తకం తెరిస్తే, నేను వచ్చేదాకా మొదటి పేజీ ముందే కూర్చునేది. నిన్న కొత్త పుస్తకమని తెలిసి హడావిడిగా ఇంటికి పరిగెత్తాను. అప్పటికే మణికట్టుతో బిళ్ళని తనే జరుపుకుని అరవయ్యో పేజీలో ఉంది. "ఏమైనా సరిచేయనా?" అని దగ్గరికెళ్ళి నిలబడ్డాను. "అడ్డం లేవండి, వెలుతురు రావడం లేదు" అంది.