రెండొందల డిజైన్ల మిషను వద్దు నాన్నా

నాన్నా, డ్యూటీకి వెళ్తున్నా. అన్నం మూతపెట్టి ఉంది, తిని షాపుకెళ్ళు.

ఆ రెండొందల డిజైన్ల కుట్టుమిషను మాత్రం కొనకు. సూదిలో దారం ఎక్కించడానికే పొద్దంతా పట్టిన మహానుభావుడివి, పువ్వులూ నెమళ్ళూ నీకెందుకు? నువ్వు నాకు కుట్టిస్తానన్న బొంతకు తిన్నని కుట్టు ఒక్కటి పడితే చాలు. చవకదే తీసుకో, కానీ నెమ్మదిగా నడిచేది చూడు. ఏళ్ళ తరబడి లారీ తోలిన కాలు కదా, నిన్న షాపులో ఒక్కసారిగా పెడల్ తొక్కి నీ చొక్కా చెయ్యే కుట్టేసుకున్నావు. షాపతను ఇంకా నవ్వుతూనే ఉండుంటాడు.

అతను రుమాలు మీద కుట్టి చూపిస్తే మురిసిపోకు. రుమాలు మీద ఏ మిషనైనా కుడుతుంది. పాత దుప్పటి ముక్క మూడు మడతలు వేసి టేబుల్ మీద పెట్టాను, అది తీసుకెళ్ళి దాని మీద కుట్టమను. సూది విరిగితే ఒక దండం పెట్టి బయటికొచ్చెయ్. నాతో వాదించడంలో చూపించే ప్రతాపం కాస్త అక్కడ బేరంలో చూపించు.

అన్నట్టు, బొంత మంచమంత వద్దు. ఉయ్యాల్లో పట్టేంత చాలు. నీ అల్లుడికి కూడా ఇంకా చెప్పలేదు. నువ్వెళ్ళి ఆ షాపతనికి చెప్పేసి రాకు.