లోపలున్న నాలుగు పేర్లు

1 ఏప్రిల్ 2002, సోమవారం

పొద్దున తొమ్మిదికి కంప్యూటర్ ఆన్ చేస్తే ప్రోగ్రాం తెరుచుకోలేదు. బూడిదరంగు పెట్టె ఒకటి వచ్చి నిలబడింది. లైసెన్స్ గడువు ముగిసింది, కంపెనీని సంప్రదించండి అని ఇంగ్లీషులో ఉంది. కింద ఓకే అని ఒకటే బటన్. నొక్కితే అదీ మాయమైంది.

మధుసూదన్ చూసి నవ్వాడు. ఏప్రిల్ ఫూల్ జేస్తున్నరక్కా అన్నాడు. మా బ్లడ్ బ్యాంకులో రక్తం బ్యాగులు ఇచ్చే కౌంటర్ అతనిది. డోనర్ల రికార్డులు నావి. ఇద్దరికీ ఒకటే కంప్యూటర్.

సాయంత్రం దాకా చేత్తోనే రాశాం. చాలా రోజులకు వేళ్ళకి ఇంకు అంటింది. కాసేపు సరదాగానే ఉంది.

పద్మారావు నగర్ నుంచి ఇంటికొచ్చే బస్సులో గుర్తొచ్చింది. పాత రిజిస్టర్లు లేవు. రెండేళ్ళ క్రితం నాలుగు నెలలు కూచుని మూడు వేల పైచిలుకు పేర్లు నేనే ఎక్కించాను. చెద పట్టిన ఆ రిజిస్టర్లు పాత కాగితాలవాడికి ఇచ్చేద్దామన్నదీ నేనే. ఆ నోట్ మీద ఉన్నది నా సంతకం.

2 ఏప్రిల్

కంపెనీ ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం పర్మిషన్ తీసుకుని అమీర్‌పేట వెళ్ళాను. మూడో అంతస్తు. వాళ్ళ బోర్డు లేదు. అక్కడిప్పుడు జావా కోచింగ్ సెంటర్. గదినిండా పిల్లలు, మెట్ల మీద కూడా చెప్పులే. రిసెప్షన్ అమ్మాయిని అడిగితే వాళ్ళు ఖాళీ చేసి నాలుగు నెలలైంది మేడం, ఎటు పోయిన్రో తెల్వదు అంది.

డెమో ఇచ్చినాయన టై కట్టుకుని వచ్చిన రోజు గుర్తొచ్చింది. మీ డేటా మా దగ్గర చాలా సేఫ్ అమ్మా, ఇంకెవరూ తెరవలేరు అన్నాడు. ఆ మాటకే నేను సంతోషపడ్డాను.

3 ఏప్రిల్

బ్యాకప్ సీడీలు ఎనిమిదున్నాయి. వాటినీ ఆ ప్రోగ్రామే తెరవాలట.

4 ఏప్రిల్, గురువారం

ఇవాళ నిజంగా భయం వేసింది.

భానుప్రియకు తొమ్మిదేళ్ళు. పుట్టుకతో తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించి ఎక్కించి దాని ఒంటికి ఇప్పుడు ఎవరి రక్తమూ పడటం లేదు. గ్రూపు కలిసినా సరిపోదు. ఈ మధ్య వందల బ్యాగులతో కలిపి చూస్తే నలుగురి రక్తం పడింది. నలుగురే. ఆ బ్యాగులు స్టాకులోనే దొరికాయి కనక వాళ్ళని పిలిచే పని ఎప్పుడూ పడలేదు. పిల్ల కేస్‌షీట్లో వాళ్ళ నంబర్లున్నాయి. డోనర్ పేరు రోగి ఇంటివాళ్ళకు తెలియకూడదని రూల్. పేర్లూ అడ్రసులూ కంప్యూటర్లో ఉన్నాయి.

మళ్ళీ రక్తం ఎక్కించడానికి పిల్ల పన్నెండున రావాలి.

వాళ్ళ నాన్న రాజబాబుది పార్వతీపురం. నాది విజయనగరం అని తెలిసినప్పటి నుంచి నన్ను అక్కా అంటాడు. ఇవాళ ముందే వచ్చి బెంచీ మీద కూచున్నాడు. పిల్ల ఆటల్లోకి పోవట్లేదక్కా, కూకుండిపోతంది అన్నాడు. చూద్దాం అన్నాను. ఏం చూస్తాను?

5 ఏప్రిల్

మా ఆయనతో గొడవైంది. లోవరాజు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఆ పెట్టె తీసే దారి ఏదైనా చెప్పమన్నాను. తాళం పగలగొట్టమంటన్నావేటి అన్నాడు. దాన్ని దొంగతనం అంటారు, కేసు పడితే నా ఉద్యోగం పోతుంది అన్నాడు.

పేర్లు నేను కొట్టినవి కదా అన్నాను. పేర్లు నీవే, ప్రోగ్రాం వాళ్ళది అన్నాడు. మా కంపెనీలో ఐదొందల మంది తింటున్నది ఆ తాళం మీదే, అది లేకపోతే ఒకడు కొని వందమందికి కాపీ చేసిస్తాడు, మాకు జీతం ఎవడిస్తాడు అని అడిగాడు.

తప్పు మాట కాదు. కానీ మా వంటింట్లో గ్రైండర్ ఉంది. దాని కంపెనీ ఎత్తేసి ఎన్నేళ్ళయిందో. బెల్టు తెగితే మెట్టుగూడ బజార్లో ఎవరో ఒకరు విప్పి వేసిస్తారు. కంపెనీ మూతపడిందని గ్రైండర్ పిండిని లోపల పెట్టుకుని మూత బిగించుకోదు. ఇది ఆయనతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

7 ఏప్రిల్, ఆదివారం

మధుసూదన్ వాళ్ళ చెల్లెలు సుమిత్ర వచ్చింది. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్స్ చెప్తుంది. లినక్స్ వాళ్ళ మీటింగులకు పోతుందని మధుసూదన్ ఎప్పుడూ వెక్కిరిస్తుంటాడు. ఇవాళ వెక్కిరించలేదు.

మా డేటా ఫైలు తెరిచి చూపించింది. గళ్ళు, ప్రశ్న గుర్తులు, పిచ్చి అక్షరాలు. నాలుగు నెలల నా చాకిరీ అలా కనబడింది. కొనేనాడు ఒక్కలు సుత అడగలే గదక్కా, రేపు మీరు లేకుంటే మా పేర్లు మాకెట్ల వస్తయని, అంది. లోపల ఏముందో చూడనిచ్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయట. కంపెనీ పోయినా ఇంకొకరు బాగుచేసుకోవచ్చట. ఆ పిల్ల చెబుతుంటే దేవుడి గురించి చెబుతున్నట్టుంది.

దీన్ని విప్పడానికి ఎంత టైం పడుతుందన్నాను. నెల, జెర ఎక్కువనే కావచ్చు అంది. విప్పకూడదని అగ్రిమెంట్లో రాసి ఉందని కూడా చూపించింది. పదకొండో పేజీ, చీమల్లాంటి అక్షరాలు.

మాకున్నది ఐదు రోజులు.

8 ఏప్రిల్

స్టాకులో ఉన్న ఓ పాజిటివ్ బ్యాగులు ఇరవై మూడు. అన్నిటినీ భాను రక్తంతో కలిపి చూశాం. అన్నీ గడ్డలు కట్టాయి. ఒక్కొక్క ట్యూబూ వెలుగుకెత్తి చూసినప్పుడల్లా ఈసారి కట్టదనుకున్నాను.

పిల్ల హిమోగ్లోబిన్ ఐదు పాయింట్ ఎనిమిదికి పడిపోయింది. మా మెడికల్ ఆఫీసర్ కల్పలత గారు వేరే బ్లడ్ బ్యాంకులన్నిటికీ ఫోన్లు చేశారు. దొరకలేదు. లక్ష్మీ, ఆ నలుగుర్లో ఒక్కరి పేరన్నా గుర్తులేదా అని అడిగారు. మూడు వేల పేర్లు కొట్టాను. ఒక్కటీ గుర్తులేదు.

9 ఏప్రిల్

అన్నం తింటూ మా ఆయన ప్లేటులోకి చూస్తూ అన్నాడు. కంప్యూటర్లో తేదీ వెనక్కి పెడితే కొన్ని ప్రోగ్రాములు మోసపోతాయి. నేను చెప్పానని ఎక్కడా అనకు.

10 ఏప్రిల్, బుధవారం. పొద్దున 10.15

తెరుచుకుంది! కింద మూలనున్న గడియారం మీద రెండుసార్లు నొక్కి తేదీ మార్చి ముప్పైకి పెట్టాను. ఏమీ జరగనట్టే తెరుచుకుంది. కల్పలత గారికి ముందే చెప్పాను, ఆవిడ ఒక నిమిషం ఆలోచించి, పేర్లు రాసుకుని మూసెయ్ అన్నారు.

నలుగురినీ కాగితం మీద రాసుకున్నాను. మొదటి పేరు నోవహు, మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్. మా ఇంటికి రెండు వీధుల అవతల! రోజూ ఆ గేటు ముందు నుంచే బస్సుకి పోతాను.

మూసేస్తే మళ్ళీ తెరుచుకుంటుందో లేదో. అరుదైన గ్రూపులవాళ్ళ పేర్లన్నా రాసుకుందామని నోటు పుస్తకం తీశాను. ముందు ఈ నలుగురికీ ఫోన్లు చేయాలి. ప్రోగ్రాం తెరిచే ఉంచాను.

అదే రోజు, రాత్రి 8

ఇది రాసి పెట్టాలి.

పదకొండుకి ఫోన్లకని ఆఫీసు గదిలోకి పోయాను. ముగ్గురి నంబర్లు పనిచేయలేదు. నోవహు డ్యూటీలో ఉన్నాడు, రేపు రాత్రికి వస్తాడని వాళ్ళావిడ చెప్పింది. ఆ తరువాత కల్పలత గారు వార్డుకి పిలిచారు. తిరిగి వచ్చేసరికి మూడున్నర.

కౌంటర్ మీద బ్యాగు ఇచ్చిన స్లిప్పు కార్బన్ కాపీ ఉంది. దాని మీద తేదీ 30 మార్చి అని అచ్చయింది.

మధుసూదన్‌ని అడిగితే, ప్రోగ్రాం చాలూ అయింది గదక్కా, అందుకే దాంట్లకెళ్ళే ఇచ్చిన అన్నాడు. పాపం, సంతోషంగా చెప్పాడు. బ్యాగు నంబరు చూశాను. మార్చి రెండున తీసిన రక్తం. ముప్పై అయిదు రోజులు నిలవ. ఆరో తేదీతో దాని గడువు అయిపోయింది. గడువు తీరినవాటి లిస్టు రోజూ పొద్దున ప్రోగ్రామే ఇచ్చేది, అది చూసి పారేసేదాన్ని. తాళం పడ్డ దగ్గర్నుంచి లిస్టు లేదు, నేను అరలు చూసుకోలేదు. ఇవాళ ప్రోగ్రాం లెక్కలో తేదీ మార్చి ముప్పై. అన్నిటికన్నా పాత బ్యాగు ముందు ఇవ్వమంటుంది కనక దాన్నే ఏరి, పచ్చ టిక్ పెట్టి ఇచ్చింది. స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో తేదీ ఉంది. మేం అది చదవడం మానేసి రెండేళ్ళయింది.

మధుసూదన్ ముఖం తెల్లబోయింది. యాప్రాల్ నర్సింగ్ హోం అక్కా, డెలివరీ కేసు, అన్నాడు.

ఫోన్ ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. ఫోన్ దగ్గర మధుసూదన్‌ని ఉంచి ఆటో ఎక్కాను. అమ్ముగూడ దగ్గర రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. ఎన్ని పెట్టెలో. ఆటో దిగి గేటు కింద నుంచి దూరిపోదామనుకున్నాను. ఆటో అతను చెయ్యి పట్టి ఆపాడు.

నేను వెళ్ళేసరికి బ్యాగు వేలాడుతోంది. మూడో వంతు అయిపోయింది. సలోమి అని నర్సు, ఏంటమ్మా ఎవరు మీరు అంటుండగానే నేనే గొట్టం మీది క్లాంప్ బిగించాను. మంచం మీద అమ్మాయి పేరు లచ్చమ్మ. పాతికేళ్ళుంటాయి. ఏమైందమ్మా, అయిపోయిందా అని అడిగింది. బ్యాగు మార్చాలమ్మా అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోకి వచ్చింది.

అక్కడి డాక్టర్‌కి అన్నీ చెప్పాను. అక్కడి నుంచే కల్పలత గారికి ఫోన్ చేశాను. నేనొస్తున్నాను, అక్కడే ఉండు అన్నారు.

11 ఏప్రిల్

లచ్చమ్మకు చలి, వణుకు. నూట మూడు జ్వరం. కల్పలత గారు అక్కడే ఉన్నారు. ఆ జ్వరం ఈ రక్తం వల్లా, కాన్పు వల్లా అనేది ఎవరూ చెప్పలేకపోతున్నారు.

నేను ఇక్కడ ప్రతి బ్యాగూ చేతిలోకి తీసుకుని తేదీ చదువుతున్నాను. మధుసూదన్ ఒక మూల కూచున్నాడు. టిక్ నొక్కింది నేనే గదా, నా పేరే రాయుండ్రి అన్నాడు. నోర్ముయ్ అన్నాను. అతన్ని నేనెప్పుడూ అలా అనలేదు.

12 ఏప్రిల్, శుక్రవారం

పొద్దున ఆరింటికి నోవహు ఇంటి తలుపు కొట్టాను. రాత్రి ఒంటిగంటకి డ్యూటీ దిగాడట, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సంగతి చెప్పాను. చొక్కా వేసుకొస్తానమ్మా అన్నాడు. నిద్ర చాలకపోతే రక్తం తీసుకోరని తెలిసి, డాక్టర్ గారికి నేను చెప్పుకుంటాలే అన్నాడు. కల్పలత గారు బీపీ రెండుసార్లు చూసి, ఏదైనా తినిపించి, ఒప్పుకున్నారు.

అన్ని పరీక్షలూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ట్యూబు వెలుగుకెత్తి చూశాను. గడ్డ కట్టలేదు. మధుసూదన్ చూశాడు. కట్టలేదు. కల్పలత గారు చూశారు.

భానుకి ఎక్కుతున్నంతసేపూ పక్కనే నిలబడి ఒక్కో చుక్కా చూశాను. రాజబాబు దండం పెడుతున్నాడు. నాకు ఆ దండం చూడాలంటే భయం వేసింది.

నాలుగింటికి యాప్రాల్ నుంచి ఫోన్. జ్వరం నూటొకటికి దిగింది.

13 ఏప్రిల్

నూరు.

15 ఏప్రిల్, సోమవారం

కమిటీ మీటింగ్. నా రిపోర్టు నేనే చదివాను. మా ఆయన పేరు లేదు అందులో. నాకు మెమో ఇచ్చారు. ఇక మీద మన పేర్లు మనం ఎప్పుడైనా బయటికి తీసుకోగలిగే సాఫ్ట్‌వేరే కొనాలని కల్పలత గారు రాయించారు. సుమిత్ర వేసవి సెలవుల్లో ఒకటి రాసిపెడతానంది. లోపల ఏముందో మధుసూదన్‌కి కూడా నేర్పుతుందట. అప్పటిదాకా రిజిస్టర్లు.

సుమిత్ర నన్ను ఓదార్చబోయింది. తప్పంతా గా తాళానిదేనక్కా అంది. అలా అనుకుంటే నిద్ర పడుతుంది. వాళ్ళు మా పేర్లు పట్టుకుని మాయమవకపోతే నేను ఆ గడియారం ముట్టుకునేదాన్నే కాదు, నిజమే. కానీ తేదీ మార్చిన వేలు నాది. దాని లోపల ఆ తేదీ ఇంకా ఎక్కడెక్కడికి పోతుందో తెలియకుండానే మార్చాను. తెలుసుకునే దారి లేదు. లేదని తెలిసీ మార్చాను.

మా ఆయనకి ఇదంతా చెప్పాను. ఎప్పటిలా వాదించలేదు. ఈ పనంతా నాతో చెప్పలేదేం, నేనే వచ్చి చేసేవాణ్ణి కదా అన్నాడు. నువ్వు చేసినా ఆ బ్యాగు సంగతి తెలిసేది కాదు అన్నాను. అవును, నాకూ తెలిసేది కాదు అన్నాడు.

లచ్చమ్మ ఇంటివాళ్ళకు నర్సింగ్ హోం వాళ్ళే చెబుతారట. మమ్మల్ని మాట్లాడవద్దన్నారు.

18 ఏప్రిల్, గురువారం

లచ్చమ్మ భర్త వచ్చాడు. చేతిలో స్వీటు డబ్బా. ఆడపిల్లట. ఇద్దరూ బాగున్నారు, రేపు ఇంటికి తీసుకుపోతాడట. మీ రక్తంతోనే బతికిందమ్మా అన్నాడు.

అతనికి ఎవరూ చెప్పలేదు.

నేను చెప్పాను. అన్నీ.

డబ్బాకి కట్టిన దారం సవరించుకున్నాడు.

నువ్వు చెప్పకుంటే నాకెట్ల తెలుస్తుండె అన్నాడు.

తెలిసేది కాదు, అన్నాను.