అరవై ఒకటో ఓటు

రాజధాని,
ఆదివారం మధ్యాహ్నం.

బేగిమాయ్ నాన్నగారికి,

మీకూ అత్తయ్యకూ వంగి నమస్కరించి రాస్తున్నాను. మీరంతా గొర్రెలతో గుర్రాలతో సుఖంగా కొండ మీది పచ్చికకు చేరారని, నల్లగుర్రం కుంటు తగ్గిందని మన ఊరికి బండి నడిపే జుమాష్ చెప్పాడు. అత్తయ్య పంపిన ఎండు పెరుగు ఉండలు అందాయి. సగం మా ఇంటి ఓనరు కలీపా అక్కే తినేసింది. నేనూ ఇక్కడ క్షేమమేనని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది. మిగతా సంగతి చివర్లో రాస్తాను. ముందే రాస్తే మీరు ఉత్తరం మధ్యలో మడిచి పెట్టేస్తారు.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగారు. నేనిక్కడ పార్లమెంటులో కూర్చుని ఎనిమిది నెలలైంది, మీకు ఇన్నాళ్ళకు అడగాలనిపించింది. సంతోషం.

ఒక్క బిల్లును మూడుసార్లు ఎందుకు చదువుతారు, మొదటిసారే కళ్ళు పెట్టుకుని చదవచ్చు కదా అన్నారు. సంతలో మీరు గుర్రాన్ని కొనరా, అలాగే. మొదటి చదువులో అసలు ఈ గుర్రం మనకు కావాలా వద్దా అని చూస్తాం. తర్వాత అది ఆ విషయం చూసే సంఘానికి పోతుంది. రెండో చదువులో పళ్ళు, గిట్టలు, తోక, ఒక్కో వాక్యం పట్టుకుని బేరమాడతాం. మూడో చదువులో ఇక బేరం లేదు. అవునా, కాదా, అంతే.

అధ్యక్షుడు మీకు యజమానా, మీరు ఆయనకు యజమానులా అన్నారు. రెండూ కాదు. మేం చేసిన చట్టం ఆయన బల్ల మీదికి పోతుంది. నెలలోగా సంతకం పెట్టాలి, లేదా ఇది నచ్చలేదని కారణం రాసి తిప్పి పంపాలి. తిప్పి పంపినా మాలో మూడింట రెండు వంతుల మంది, అంటే ఎనభై మంది, మళ్ళీ అదే కావాలంటే ఆయన పెట్టి తీరాల్సిందే. దేశం ఖర్చుల పద్దు మా ఓటు లేకుండా కదలదు. మంత్రులను పిలిస్తే వచ్చి మా ముందు నిలబడి జవాబు చెప్పాలి. నమ్మకం లేదని మేమంటే ప్రభుత్వమే దిగిపోవచ్చు. చదువుతుంటే మీ ఆవిడ చాలా గొప్పదై పోయిందని అనిపిస్తోందా? ఆ గొప్పంతా నూట ఇరవై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నాది. ఓటు నొక్కే బొటనవేలంత మీట.

మూడోది, రెండు సభలుండాలి కదా అన్నారు. మన పెళ్ళప్పుడు ఉండేవి. ఇప్పుడు ఒక్కటే. కింద సభలో తప్పు జరిగితే సరిదిద్దడానికి పైన మరొకటి లేదు. వారం క్రితం అడిగి ఉంటే ఈ మాట పాఠం చెప్పినట్టు రాసేదాన్ని. ఇప్పుడు రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

నా పక్క సీటు ఎవరిదో మీకు తెలుసు. మీ పెద్దన్నయ్యది. అత్తింటి పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదని అత్తయ్య పెళ్ళినాడే చెప్పారు. పందొమ్మిదేళ్ళుగా రాలేదు. బావగారిని నేను 'పెద్దింటాయన' అంటాను. ఇది మీకు చెప్పలేదనుకుంటా, మొదటి నెలలో ఒక సవరణ ఎవరు ప్రతిపాదించారని సభాపతి అడిగితే నోరు జారి 'మా పెద్దింటాయనండీ' అన్నాను. సభంతా గొల్లున నవ్వింది. రికార్డు రాసే అమ్మాయి, "ఆ పేరుతో ఇక్కడ సభ్యులెవరూ లేరండీ" అంది. బావగారే అందరికంటే ఎక్కువ నవ్వి, "రాసుకోమ్మా, ఆ పెద్దింటాయన్ని నేనే" అన్నారు. ఆ రోజు ఆయన మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో.

ఆయన చెడ్డవారని నేను రాయడం లేదు. ఊళ్ళో నర్సుగా సూదులు వేస్తూ బతికే నన్ను పార్టీ జాబితాలోకి ఎక్కించింది ఆయనే. కానీ ఆయన భుజాన వేసుకున్న బిల్లు ఏమిటో మీకు తెలుసు. ఊరి నేలలో గని తవ్వాలంటే ఊరి మండలి ఒప్పుకోవాలని ఇప్పుడున్న చట్టం. మన మండలి రెండుసార్లు కాదంది. రెండోసారి మీరు గొంతు పోయేదాకా మాట్లాడి మూడు రోజులు సైగలతో గడిపారు. ఈ బిల్లు ఆ ఒక్క వాక్యాన్ని కొట్టేస్తుంది. పన్నెండు పేజీల్లో తొమ్మిదో పేజీలో ఉంది అది. ఇక ఊరిని ఎవరూ అడగరు. మీరిప్పుడు గొర్రెలు మేపుతున్న చోట, మన ఏరు పుట్టే చోట, తవ్వుతారు. కింద ఎనిమిది వందల ఇళ్ళు ఆ నీళ్ళే తాగుతాయి.

"గని వస్తే రోడ్డొస్తుంది అమ్మాయ్. కాన్పుకెళ్ళే ఆడవాళ్ళు దారిలో చావరు. ఇది నీకు నేను చెప్పాలా?" అన్నారు బావగారు. చెప్పక్కర్లేదు. అలా ఇద్దరు నా చేతుల్లోనే పోయారు. అయినా ఆ నీళ్ళు పాడైతే రోడ్డుండి ఎవరిని కాపాడుకుంటాం?

గురువారం మూడో చదువు. సభ మొదలవకముందు ఆయన నా వైపు వంగి అడిగారు.

"ఇవాళ ఏ మీట నొక్కుతావ్?"

"మీకు తెలుసు కదండీ."

"నా పక్కన కూర్చునేనా?"

"లేచి వేరేచోట కూర్చోమంటే కూర్చుంటాను బావగారూ."

"నోరు బాగానే లేస్తోంది. వేలు లేస్తుందో లేదో చూద్దాం" అని నవ్వారు.

ఓటింగుకు కాసేపు ముందు గేటు దగ్గరి మనిషి చీటీ పంపాడు. మన ఊరి నుంచి ఓరోజ్ తాత, ఇంకో నలుగురు పెద్దలు వచ్చారట. నేను దిగి వెళ్ళాను. తాత మెట్ల మీద గుడ్డ పరిచి రొట్టె పెట్టుకుని కూర్చున్నాడు. రెండు బస్సులు మారి వచ్చాడు, కాళ్ళు రెండూ వాచి ఉన్నాయి.

"ముందు రొట్టె ముట్టు" అన్నాడు.

"పైన ఓటు మొదలవుతోంది తాతా."

"నువ్విక్కడుంటే ఎట్టా మొదలెడతారే? నిన్ను పంపిందే అందుకు కదా. నీ చెయ్యి తడబడకూడదని దీవించిపోదామని వచ్చాం. తినేదేదో తిని పో."

రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఐదుగురూ అరచేతులు తెరిచి దీవించారు. దీవెన సగంలో ఉండగా వరండాలోని మైకులో సభాపతి గొంతు వినిపించింది. అనుకూలం అరవై ఒకటి, ప్రతికూలం నలభై నాలుగు. సభకు ఎంతమంది వచ్చినా బిల్లు గెలవడానికి కావలసింది సరిగ్గా అరవై ఒకటి.

తాత చేతులు అలాగే ఉండిపోయాయి. "నువ్విక్కడే ఉన్నావు కదమ్మా. ఆ అరవై ఒకట్లో నువ్వు లేవు కదా" అన్నాడు.

"లేను తాతా" అన్నాను.

ఉన్నాను. మా మీట పనిచేయాలంటే కార్డు పెట్టాలి. నా కార్డు పెట్టిన చోటే ఉంది, నేను లేను, మీ అన్నయ్యగారు పక్క నుంచి చెయ్యి చాపి అవుననే పచ్చమీట నొక్కారు. పైకి వెళ్ళేసరికి తెర మీద నా పేరు పచ్చగా వెలుగుతోంది. బావగారు నా వైపు తిరిగి చాలా మెత్తగా అన్నారు. "నిన్ను కాపాడానమ్మా. అవునని నువ్వనలేదు, కాదనీ నువ్వనలేదు. కార్డు మరిచిపోయి వెళ్ళానని చెప్పు, నిన్నెవరూ ఏమీ అనరు."

అందరికీ అదే చెప్పాను. మన అమ్మాయి బేగిమాయ్‌కు పంపిన చీటీలో కూడా అదే రాశాను. మీరు దాన్ని నమ్మే ఉంటారు, ఎందుకంటే మీరు నన్నెప్పుడూ నమ్ముతారు.

నేను మరిచిపోలేదండీ.

గేటు నుంచి చీటీ రాగానే లేచి కార్డు తీయబోయాను. వేళ్ళతో పట్టుకున్నాను కూడా. బావగారు నా చెయ్యి చూస్తూ, "ఉండనీలే" అన్నారు. ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలుసు. తాతను పది నిమిషాలు ఆగమంటే ఆగేవాడే. బావగారి కళ్ళెదుట కాదనే ఎర్రమీట నొక్కే ధైర్యం నాకు లేదు, పచ్చమీట నొక్కడానికి మనసొప్పలేదు. ఆయన నొక్కితే నా తప్పు కాదుకదా అనుకున్నాను. వేళ్ళు వదిలేశాను. మెట్లు దిగుతుంటే నాకు హాయిగా అనిపించింది. ఇది రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. హాయిగా అనిపించింది. ఆ హాయితోనే వెళ్ళి ఆ ముసలివాళ్ళ దీవెన తీసుకున్నాను.

మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. ఇది ప్రభుత్వం తెచ్చిన బిల్లే, అధ్యక్షుడు తిప్పి పంపుతాడన్న ఆశ లేదు. మరో సభ లేదు. శుక్రవారం నియమాలు చూసే అమ్మాయి దగ్గరికి పోయి, ఎవరికో జరిగినట్టు అడిగాను. ఒక్క దారి ఉందట. సభాపతి సంతకం పడకముందు ఆ సభ్యురాలే సభలో నిలబడి, నా కార్డు ఫలానావారు వాడారు అని చెబితే ఆ ఓటు కొట్టేస్తారు. అప్పుడు అరవై. బిల్లు పడిపోతుంది. సంతకం మంగళవారం సభ ముగిశాక.

"ఫలానావారు అంటే, బంధుత్వం చెబితే చాలుతుందా?" అన్నాను.

"చాలదండీ. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు. మూడూ చెప్పాలి."

"కాగితం మీద రాసిస్తే?"

"నోటితోనే చెప్పాలండీ, రికార్డుకెక్కాలి కదా" అని, ఆ పిల్ల నా మొహం చూసి గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. తనూ ఏదో ఇంటి కోడలే కదా, ఎవరి సంగతో తెలిసిపోయినట్టుంది.

తండ్రి పేరు కూడా. అంటే చనిపోయిన మామగారి పేరు కూడా. ఆయన సమాధి దగ్గర సైతం నేను పలకని పేరు.

పలికితే ఏమవుతుందో లెక్కలు వేసి వేసి అలసిపోయాను. నా సీటు పోతుంది, దానికి ఏడుపు లేదు. కార్డు కావాలనే వదిలానని కూడా చెబుతాను, ఆయన ఒక్కరి మీదికే నెట్టలేను. ఆయన సీటు, పరువు పోతాయి. అత్తయ్యకు ఆయన పెద్దకొడుకు. కొడుకును నలుగురిలో పేరు పెట్టి పిలిచి దించిన కోడలితో ఆమె ఒకే యుర్తా డేరాలో ఎలా ఉంటారు? మీరెలా ఉంటారు? పలకకపోతే ఓరోజ్ తాత ఊళ్ళో అందరికీ, మన పిల్ల అరవై ఒకట్లో లేదు అని చెబుతూ తిరుగుతాడు, ఏటి మీద గని వస్తుంది. ఎటు చూసినా నాకు దారి కనబడడం లేదు. అయినా మంగళవారం నిలబడతాను. మిమ్మల్ని అనుమతి అడగడం లేదు. అడిగితే మీరు వద్దంటారని భయం, సరేనంటే ఆ బరువు మీ మీద కూడా పడుతుందని ఇంకా భయం.

ఇందాక గది తలుపేసుకుని ఆ మూడు పేర్లూ పలికి చూసుకున్నాను. నాలుగుసార్లు నోరు పెగల్లేదు. అయిదోసారి వచ్చింది, దాని వెంటే పెద్దగా ఏడుపూ వచ్చింది. కలీపా అక్క పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి, "ఎవరు పోయారే?" అంది.

"ఎవరూ పోలేదక్కా. మా బావగారి పేరు అనుకుంటున్నాను" అన్నాను.

ఆమె గడపలోనే కూర్చుండిపోయింది.

జుమాష్ బండి కింద హారన్ కొడుతున్నాడు, మూడింటికి బయలుదేరతాడట. రేపు సాయంత్రానికి ఈ ఉత్తరం మీకు చేరుతుంది. మంగళవారం పదింటికి సభ రేడియోలో వస్తుంది. నా గొంతు వినబడగానే అత్తయ్య చుట్టుపక్కల యుర్తాల వాళ్ళందరినీ కేకేసి, మా కోడలు మాట్లాడుతోంది రండి అని పిలిచి కూర్చోబెడతారని బేగిమాయ్ రాసింది. రేడియో కట్టేయకండి, అత్తయ్య నా నోటి నుంచే వినాలి. ఈ ఒక్కసారికి మాత్రం ఆమెను ఎవరినీ పిలవనివ్వకండి.

ఇట్లు,
మీరు ఇంకా కాదనకపోతే,
మీ ఇంటి కోడలు
సైరాగుల్