బ్రేకుల్లేని కారు

మామయ్యగారూ,

బ్రేకు సామాను దొరికిందని మెకానిక్ ఫోన్ చేశాడు, పరుగున వెళ్తున్నాను. కారు చక్రాల కింద పెట్టిన ఇటుకలు తీయకండి. దానికి ఇప్పుడు బ్రేకుల్లేవు, మన వాకిలేమో రోడ్డు మీదికి ఏటవాలు. నిన్న మీరు స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. అందుకే కారు ముందు తలుపులకు తాళం వేసుకుని వెళ్తున్నాను, కోపం తెచ్చుకోకండి. తుప్పు పట్టిన కారు కొన్నానని మీ అబ్బాయి ఇప్పటికే ముఖం ముడుచుకుని తిరుగుతున్నారు. మీకేమైనా అయితే ఆయనకి ఏమని చెప్పను? భోజనం హాట్‌బాక్సులో ఉంది.

అంతగా కూర్చోవాలనిపిస్తే వెనక సీట్లో కూర్చోండి, కొత్త తోలు వేయించాను. డ్రైవరుగా ఇరవై ఎనిమిదేళ్ళు మీ యజమానికి ఈ కారు వెనక తలుపే తీసి పట్టుకున్నారు. ఒక్కసారైనా లోపల కూర్చున్నారా?