మంత్రిగారి పంటి నొప్పి

మా ఇంటి సర్వాధికారిణికి, పరాయి దేశంలో ఉన్న రాయబారి రాయునది.

నేనిక్కడ క్షేమం. యుద్ధం ఇంకా రాలేదు కనుక తక్కినవాళ్ళూ క్షేమమే. నువ్వూ, మీ అక్కగారూ, నా మీద మీ ఇద్దరికీ ఉన్న కోపమూ అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ మొదటి ప్రశ్న, వేళకు తింటున్నానా అని. తింటున్నాను. రెండోది, ప్రమోషన్ ఏమైందని. అది చివర్లో చెబుతాను, కాస్త ఓపిక పట్టు. మూడోది, “ఒక్క కాగితం ఒక మనిషి చేతికివ్వడానికి మీకు నెల రోజులా? మా బావగారు నవ్విపోతున్నారు” అని. నవ్వరూ మరి! విదేశాంగ శాఖలో కూర్చుని ఆ కాగితం రాసింది ఆయనే. తోడల్లుడే నాకు పైఅధికారి కావడం నా జాతకం.

కాగితం సంగతి నీకు తెలిసిందే. సరిహద్దులో గొర్రె కూడా మేయని ఆ గుట్టను వదిలిపెట్టకపోతే సైన్యాన్ని పంపుతామని ఆఖరి హెచ్చరిక. దాన్ని ఇక్కడి విదేశాంగ మంత్రి చేతికే ఇవ్వాలి. ఆయన తీసుకున్న మర్నాడే మనవాళ్ళు కదులుతారు. తీసుకోనంతవరకూ కదలడానికి లేదు, పద్ధతి ఒప్పుకోదు. ఈలోగా వానలు పడ్డాయా, గుట్ట దారి తెగిపోతుంది. మళ్ళీ ఏడాది దాకా ఎవరూ ఎవరి మీదికీ పోలేరు. ఆ గుట్ట కింద గుడారంలోనే మన అబ్బాయి ఉన్నాడు.

మొదటిసారి ఆఫీసుకు వెళ్ళాను. “మంత్రిగారికి పంటి నొప్పండీ, డాక్టరు దగ్గరికెళ్ళారు” అన్నాడు గుమస్తా. మర్నాడూ అదే పాట. సరే, ఇంట్లోనే పట్టుకుందామని పొద్దున్నే వెళ్తే ఆయన భార్య ఎదురొచ్చి, “ఇప్పుడే వెళ్ళారన్నయ్యగారూ, కాఫీ అయినా తాగలేదు” అంది. కప్పులో కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది.

మీ బావగారి దగ్గర్నుంచి తంతి. “డాక్టరు దగ్గరికే వెళ్ళి ఇవ్వవలెను.” వెళ్ళాను. మంత్రి కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరిచి ఉన్నాడు. నన్ను చూడగానే రెండు చేతులూ మెడకు కట్టిన గుడ్డ కిందికి లాక్కున్నాడు. చేతికివ్వమన్నారు గాని ఒళ్ళో పడేసి రమ్మనలేదు కదా!

“పోనీ నోట్లో పెట్టనా?” అని డాక్టర్ని అడిగాను.

“నా గదిలో యుద్ధాలూ గిద్ధాలూ కుదరవు. బయట కూర్చోండి” అని కసిరాడు ఆయన.

కూర్చున్నాను. ఆ గదికి వెనక ఇంకో తలుపుందని నాకెవరు చెప్పారు?

ఇక పేపర్లవాళ్ళకు పండగే పండగ. పెద్ద పన్ను వెనకాల నేను కాగితం పట్టుకుని పరిగెడుతున్న బొమ్మను మీ అక్క కత్తిరించి మరీ నీకు చూపించిందన్నావు. పొట్ట మరీ ఎక్కువ వేశాడు, నాకంత లేదు. ఇక్కడి పేపర్లు మాత్రం ఆయన్ని వదిలాయా? పిరికివాడు, నొప్పంతా నాటకం అని దుమ్మెత్తిపోశాయి. మంత్రివర్గంలోనూ గుసగుసలు మొదలయ్యాయి. దాంతో ఆయన ఫోటోలవాళ్ళను పిలిపించి, వాళ్ళ కళ్ళెదుటే పన్ను పీకించుకున్నాడు. పాపం, నిజంగానే పుచ్చిందేమో అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పడానికే ఇంతసేపూ నసిగాను. ఈ ఉత్తరం తపాలాలో వేయకుండా మన వంటమనిషి చేతికిచ్చి పంపడమూ అందుకే. చదివాక పొయ్యిలో పెట్టు.

నేను చేతకాక తిరగలేదు. బయల్దేరే ముందు ప్రతిసారీ ఆయనకు ఫోన్ చేసింది నేనే. మా ఫోన్లు రెండు ప్రభుత్వాలూ వింటాయి. అందుకని మొదటిరోజు, “హలో, పళ్ళ డాక్టరుగారేనా? అరగంటలో వస్తున్నానండీ” అన్నాను. ఏళ్ళ తరబడి విందుల్లో పక్కపక్కనే కూర్చున్నవాళ్ళం, నా గొంతు గుర్తుపట్టడా? “కాదండీ, రాంగ్ నంబరు. అయినా మంచి మాట గుర్తుచేశారు” అని పెట్టేశాడు. ఆయనకు పంటి నొప్పి పుట్టింది అప్పుడే.

తప్పంటావో, ద్రోహమంటావో నీ ఇష్టం. ఆ కాగితం తీసి జేబులో పెట్టుకున్నప్పుడల్లా గుడారంలో పడుకున్న మనవాడే కళ్ళలో మెదిలేవాడు. నాకు భయమేసింది, అంతే.

ఇక ప్రమోషన్. లేదు. ఉద్యోగమూ లేదు. “అసమర్థుడు. వెనక్కి రావలెను” అని తంతి వచ్చింది. నా స్థానంలో మీ బావగారే వస్తున్నారు. తాళాలు ఆయనకు అప్పగించి నేను బయల్దేరతాను. అయితే ఇక్కడి అధ్యక్షుడికి పరిచయ పత్రాలు ఇచ్చేదాకా ఆయన కూడా మంత్రిని కలవడానికి లేదు. అధ్యక్షుడేమో విశ్రాంతి కోసం ఎక్కడికో వెళ్ళాడు. ఇక్కడ నిన్నటి నుంచి వాన పట్టుకుంది. గుట్ట మీద కూడా జోరుగా పడుతోందని రేడియోలో చెప్పారు.

పదవి పోయినవాడు ఏ కాగితమిచ్చినా చెల్లదు. అందుకని నిన్న సాయంత్రం మంత్రి దర్జాగా వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు, ఒక బుగ్గ బూరెలా వాచిపోయి. గోడలకు చెవులుంటాయి కనుక వరండాలో వాన చప్పుడు మధ్య నిలబడ్డాం.

“మీవాడు గుట్టకి ఇవతల కదూ?” అన్నాడు.

“అవును.”

“మా అల్లుడు అవతల.”

వెళ్తూ వెళ్తూ నా చేతిలో చిన్న పొట్లం పెట్టాడు. నెల రోజులుగా నేను ఆయన చేతికి ఏమీ ఇవ్వలేకపోయాను. ఆయన మాత్రం ఇచ్చి వెళ్ళాడు.

ఆ పొట్లం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఉత్తరం కాల్చినా దాన్ని మాత్రం పారేయకు. అబ్బాయి సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు వాడి చేతికివ్వు. ముందు నువ్వొకసారి వెలుతుర్లో పెట్టి చూడు. ఆ పంటికి ఎక్కడా ఇసుమంత పుచ్చు లేదు.

ఇట్లు,
ఒక్క కాగితం ఇవ్వడం చేతకాని
మీ ఆయన